కోళ్ల గూటి దగ్గర మొదలైన పని

ఎథెల్ పెర్సీ ఆండ్రస్ అమెరికాలో ఒక బడి పంతులమ్మ. తెలుగు శ్రోతల్లో ఈ పేరు విన్నవాళ్లు తక్కువ. ఆమె స్థాపించిన సంస్థ పేరు విన్నవాళ్లు మాత్రం కొందరు ఉంటారు. దాని పేరు ఏఏఆర్‌పీ. అమెరికాలో ఎవరికైనా యాభై ఏళ్లు వచ్చాయంటే, ఆ సంస్థ నుంచి టపాలో ఒక కవరు రావడం మామూలు. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్ల ఇళ్లకూ వస్తుంది. అప్పుడే ముసలివాళ్లలో కలిపేశారా అని నవ్వుకుంటూ ఆ కవరు విప్పుతారు. ఆ కవరు వెనక రిటైరైన ఉపాధ్యాయుల పింఛను కథ ఉంది. ఆ కథ మొదట్లో ఒక కోళ్ల గూడు ఉంది.

ఆండ్రస్ 1884లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టారు. చిన్నతనంలోనే కుటుంబం షికాగోకు మారింది. చదువంతా అక్కడే. 1903లో షికాగో విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకున్నారు. ఆ రోజుల్లో ఆడపిల్ల విశ్వవిద్యాలయం దాకా వెళ్లడం అమెరికాలోనూ మామూలు సంగతి కాదు. పట్టా రాగానే లూయిస్ ఇన్‌స్టిట్యూట్ అనే విద్యాసంస్థలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు.

పగలు పాఠాలు. తీరిక దొరికితే హల్ హౌస్. హల్ హౌస్ అంటే షికాగోలో జేన్ ఆడమ్స్ 1889లో మొదలుపెట్టిన సేవాకేంద్రం. ఊరుగాని ఊరు వచ్చి, భాష రాక, ఫ్యాక్టరీల్లో కూలికి కుదిరిన వలస కుటుంబాలకు అది పెద్ద దిక్కు. అక్కడ చదువు చెప్పేవాళ్లు. పిల్లల్ని చూసుకునేవాళ్లు. నగరపాలకుల్ని నిలదీసేవాళ్లు. అదే జేన్ ఆడమ్స్‌కు తర్వాత 1931లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆండ్రస్ పద్ధతి ఏమిటో తెలుసుకోవాలంటే ఈ హల్ హౌస్ దగ్గర ఒక్క క్షణం ఆగాలి. కష్టంలో ఉన్నవాళ్ల గురించి కాగితాల్లో చదవడం వేరు. వాళ్ల గుమ్మం ముందుకు వెళ్లి తలుపు తట్టడం వేరు. ఆండ్రస్ నేర్చుకున్నది తలుపు తట్టడం. ఈ సంగతి శ్రోతలు గుర్తుపెట్టుకోవాలి. ముందుముందు మరో తలుపు తట్టే ఘట్టం వస్తుంది.

1910లో కుటుంబంతో కాలిఫోర్నియాకు తిరిగి వచ్చారు. శాంటా పౌలా అనే చిన్న ఊళ్లో కొంతకాలం, ఆ తర్వాత లాస్‌ఏంజెలిస్‌లో మాన్యువల్ ఆర్ట్స్ హైస్కూలులో పనిచేశారు. 1916లో అదే నగరంలోని అబ్రహాం లింకన్ హైస్కూలుకు వచ్చి, ప్రిన్సిపాల్ అయ్యారు. కాలిఫోర్నియాలో హైస్కూలు ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చున్న తొలి మహిళ ఆమేనని చెబుతారు.

లింకన్ హైస్కూలు తేలికైన బడి కాదు. మెక్సికో నుంచి, ఇటలీ నుంచి, రష్యా నుంచి, చైనా, జపాన్‌ల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ఒకే గదిలో కూర్చునేవారు. ఒకరి భాష ఒకరికి రాదు. ఇంట్లో డబ్బు లేదు. బడి బయట వీధి ముఠాల గొడవలు. ఆండ్రస్ పిల్లల్ని దారిలో పెట్టాలంటే తల్లిదండ్రుల్ని కూడా బడికి రప్పించాలనుకున్నారు. సాయంత్రం పూట పెద్దవాళ్లకు తరగతులు పెట్టారు. ఆ చుట్టుపక్కల బాలనేరస్థుల కేసులు తగ్గాయని అక్కడి బాలల న్యాయస్థానం ఆమెను మెచ్చుకుంది. ఈ పని నడుస్తుండగానే 1930లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ కూడా తెచ్చుకున్నారు.

1944లో పదవీ విరమణ చేశారు. అప్పటికి అరవయ్యో ఏడు దగ్గరపడింది. తల్లికి జబ్బు చేసింది, దగ్గరుండి చూసుకోవాలి. అందుకే బడి వదిలారు. నలభై ఏళ్ల సర్వీసుకు ఆమె చేతికొచ్చిన పింఛను నెలకు సుమారు 60 డాలర్లు.

60 డాలర్లంటే అప్పటికి కూడా ఇల్లు గడిచే డబ్బు కాదు. ఆండ్రస్‌కు కుటుంబపు ఆదాయం వేరే ఉంది కాబట్టి ఇబ్బంది పడలేదు. అయితే ఆ కాగితం చూసినప్పుడు ఆమెకు ఒక ప్రశ్న పుట్టింది. తనకు వేరే ఆధారం ఉంది సరే. ఏ ఆధారమూ లేని పంతులమ్మ ఏం చేస్తున్నట్టు? పెళ్లి చేసుకోకుండా బడికే జీవితం ఇచ్చినవాళ్లు ఆ రోజుల్లో వందలమంది. పెళ్లయితే ఉద్యోగం మానుకోవాలని చాలా ఊళ్లలో బడి యాజమాన్యాలు నియమం పెట్టేవి. అంటే ఉద్యోగం నిలవాలంటే ఒంటరిగా ఉండాలి. వయసు మీరాక చూసే పిల్లలు ఉండరు. ఉన్న ఒక్క ఆధారం పింఛను. ఆ పింఛను అంతంతమాత్రం.

కాలిఫోర్నియా రిటైర్డ్ ఉపాధ్యాయుల సంఘంలో దక్షిణ విభాగానికి సంక్షేమం చూసే బాధ్యత ఆండ్రస్ తీసుకున్నారు. పేరుకు సంక్షేమం. చేయాల్సిన పని తలుపులు తట్టడం.

కోళ్ల గూటి సంఘటన అప్పటిదే. దాన్ని తర్వాతి రోజుల్లో ఆమే చెప్పుకొచ్చారు. ఒక కిరాణా కొట్టు యజమాని ఆమెకు ఒక ముసలావిడ సంగతి చెప్పాడు. ఆవిడ పరిస్థితి బాగాలేదు, ఒకసారి చూడమన్నాడు. చిరునామా పట్టుకుని వెళితే అక్కడ మంచి ఇల్లే ఉంది. తలుపు తట్టారు. అలాంటివాళ్లు ఇక్కడ ఎవరూ లేరన్నారు. ఆండ్రస్ వెనక్కి తిరిగారు. అప్పుడు ఇంటివాళ్లకు గుర్తొచ్చింది. పెరట్లో ఉండే ముసలావిడ గురించి అడుగుతున్నారేమో అన్నారు. పెరట్లోకి వెళ్లి చూస్తే అక్కడ ఉన్నది ఇల్లు కాదు. కిటికీ కూడా లేని కోళ్ల గూడు. ఆ తలుపూ తట్టారు. పాత కోటు ఒకటి కప్పుకుని ఒక ముసలావిడ బయటికి వచ్చింది.

ఆవిడ ఎవరో కాదు, ఒకప్పటి ఉపాధ్యాయురాలు. స్పానిష్ భాష చెప్పిన పంతులమ్మ. పింఛను నెలకు 40 డాలర్లు. ఆ డబ్బుకు ఆవిడకు దొరికిన నీడ అది.

ఒక ఉపాధ్యాయురాలు, కోళ్ల గూటిలో. ఈ దృశ్యం ఆండ్రస్‌ను జీవితాంతం వదల్లేదు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆవిడ సోమరి కాదు. తాగుబోతు కాదు. డబ్బు తగలేసుకున్న మనిషి కాదు. చేయమన్న పని ఏళ్ల తరబడి చేసిన మనిషి. తెలుగునాట ‘బతకలేక బడిపంతులు’ అన్న మాట ఒకటి ఉంది. వెటకారపు మాట అది. బతకడం చేతకానివాడే ఆ వృత్తిలోకి వస్తాడని దాని అర్థం. ఆండ్రస్ చూసింది సరిగ్గా దానికి ఎదురు. బతుకంతా బడికి ఇచ్చినందుకే బతకలేని స్థితి వచ్చింది. తప్పు పంతులది కాదు, లెక్క రాసినవాళ్లది.

ఆ లెక్క ఎలా రాశారో కొంచెం చూడాలి. అమెరికాలో 1935లో, రూజ్‌వెల్ట్ అధ్యక్షుడిగా ఉండగా, సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చింది. పనిచేసేవాడి జీతంలో కొంత, యజమాని నుంచి కొంత ప్రభుత్వం తీసుకుని, వయసు మీరాక నెలనెలా ఇస్తుంది. ఫ్యాక్టరీ కార్మికుడికి ఆ రక్షణ వచ్చింది. దుకాణంలో గుమాస్తాకు వచ్చింది. ప్రభుత్వ బడిలో పాఠం చెప్పే పంతులుకు రాలేదు. ఎందుకంటే రాష్ట్రాల, స్థానిక సంస్థల ఉద్యోగుల్ని ఆ చట్టం బయట ఉంచింది. రాష్ట్రాల మీద కేంద్రం పన్ను వేయవచ్చా అన్న రాజ్యాంగ సందేహం దానికి కారణం. 1950 తర్వాత రాష్ట్రాలు ఇష్టపడితే చేరవచ్చన్నారు. కాలిఫోర్నియా తన ఉపాధ్యాయుల్ని చేర్చలేదు.

మరి రాష్ట్రం ఇచ్చిందేమిటి? కాలిఫోర్నియాలో ఉపాధ్యాయుల పింఛను నిధి 1913లో మొదలైంది. అప్పుడు నిర్ణయించిన పింఛను ఏడాదికి 500 డాలర్లు. నెలకు లెక్కేస్తే 42 డాలర్లు కూడా కాదు. ఆ తర్వాత రెండు ప్రపంచ యుద్ధాలు వచ్చాయి. మధ్యలో మహామాంద్యం వచ్చింది. రెండో యుద్ధం ముగిశాక ధరలు ఒక్కసారిగా ఎగిశాయి. ధరలు పెరిగినంత వేగంగా పింఛన్లు పెరగలేదు. అంటే రిటైరైన పంతులు రెండు వైపులా నష్టపోయాడు. ఫ్యాక్టరీ కార్మికుడికి దొరికిన రక్షణ లేదు. రాష్ట్రం ఇచ్చేది చాలదు.

1947లో ఆండ్రస్ నేషనల్ రిటైర్డ్ టీచర్స్ అసోసియేషన్‌ను స్థాపించారు. క్లుప్తంగా ఎన్ఆర్‌టీఏ. అప్పటిదాకా రాష్ట్రానికొక చిన్న సంఘం. ఎవరి గోడు వారిది. రాష్ట్ర శాసనసభ ముందుకు వెళ్లి వినిపించుకోవడమే కష్టం. ఇక వాషింగ్టన్‌లో వాళ్ల మాట వినేదెవరు? అందర్నీ ఒక్క గొడుగు కిందికి తేవాలన్నది ఆమె ఆలోచన. అప్పటికి ఆమెకు 63 ఏళ్లు.

సంఘం చేసిన తొలి పోరాటాల్లో ఒకటి పన్ను గురించి. సోషల్ సెక్యూరిటీ డబ్బు మీద అప్పట్లో ఆదాయపు పన్ను లేదు. ఉపాధ్యాయుడి పింఛను మీద మాత్రం ఉంది. పక్కపక్క ఇళ్లలో ఇద్దరు ముసలివాళ్లు ఉన్నారనుకోండి. ఒకాయన ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడు. ఒకావిడ బడిలో చేసి రిటైరైంది. ఇద్దరికీ వచ్చేది అంతంతమాత్రపు డబ్బే. ఆయన డబ్బు మీద పన్ను లేదు, ఈవిడ డబ్బు మీద ఉంది. ఇదేం న్యాయమని సంఘం అడిగింది. 1954 ఆదాయపు పన్ను చట్టంలో రిటైరైనవాళ్ల ఆదాయానికి పన్ను రాయితీ చేర్చారు. ఉపాధ్యాయుల లాంటి వాళ్లకు దానివల్ల కొంత ఊరట దొరికింది.

అదే ఏడాది మరో పని జరిగింది. కాలిఫోర్నియాలో ఓహై అనే కొండల నడిమి ఊళ్లో గ్రే గేబుల్స్ అనే నివాసం తెరిచారు. రిటైరైన ఉపాధ్యాయులు కలిసి ఉండే చోటు అది. అనాథాశ్రమంలా ఉండకూడదని ఆండ్రస్ పట్టుదల. ఎవరి గది వారిది. పుస్తకాలు, తోట, కబుర్లు, ఊరివాళ్లతో రాకపోకలు. సంఘం పనులు కూడా అక్కణ్ణుంచే నడిచేవి. కోళ్ల గూటిలో పంతులమ్మను చూసిన మనిషి కట్టిన జవాబు ఈ గ్రే గేబుల్స్ అనుకోవచ్చు. కానీ ఒక్క ఇంట్లో ఎంతమంది పడతారు? ఈ సంగతి ఆండ్రస్‌కూ తెలుసు. అసలైన చిక్కు ఇల్లు కాదు, వైద్యం.

రిటైరైన రోజుతో జీతం ఆగుతుంది. జీతంతో పాటు బీమా కూడా ఆగుతుంది. జబ్బులు మాత్రం అప్పుడే మొదలవుతాయి. ఆ కాలపు అమెరికాలో ఆరోగ్య బీమా చాలావరకు ఉద్యోగంతో ముడిపడి ఉండేది. ఉద్యోగం పోతే బీమా పోయినట్టే. 65 దాటిన మనిషి సొంతంగా వెళ్లి అడిగితే కంపెనీలు తలుపు మూసేసేవి. ఒక్కసారి ఆసుపత్రిలో చేరితే ఏళ్ల తరబడి కూడబెట్టింది ఊడ్చుకుపోయేది.

ఆండ్రస్ బీమా కంపెనీల చుట్టూ తిరిగారు. ఒకటి కాదు, రెండు కాదు. నలభైకి పైగా కంపెనీలు కాదన్నాయి. ముసలివాళ్లకు బీమా ఇస్తే కంపెనీ మునుగుతుందని వాళ్ల లెక్క.

ఆ లెక్కలో ఒక తిరకాసు ఉంది. ఆ తిరకాసు అర్థమైతే ఆండ్రస్ సాధించినదేమిటో అర్థమవుతుంది. ఒంటరిగా బీమా కోసం వచ్చే ముసలి మనిషి ఎప్పుడు వస్తాడు? ఒంట్లో బాగాలేనప్పుడు వస్తాడు. అందుకే కంపెనీకి భయం. ఆరోగ్యంగా ఉన్నవాడు రాడు, రోగి మాత్రమే వస్తాడు. అలాంటప్పుడు ప్రీమియం ఎంత పెట్టినా నష్టమే. కానీ ఒక సంఘం మొత్తం చేరితే? వెయ్యిమంది రిటైరైన పంతుళ్లు ఒక్కసారిగా చేరితే వాళ్లలో ఈ నెల ఆసుపత్రిలో పడేది కొద్దిమందే. మిగతావాళ్లు తోటపని చేసుకుంటూ, మనవళ్లకు లెక్కలు చెబుతూ ఉంటారు. వాళ్లు కట్టిన డబ్బు పడ్డవాళ్లకు అక్కరకు వస్తుంది. మళ్లీ చెప్పుకుంటే, ముసలి మనిషి ఒక్కడైతే కంపెనీకి భారం. సంఘంగా వస్తే అదే మనిషి లెక్కకు అందుతాడు.

న్యూయార్క్ రాష్ట్రంలో పోకీప్సీ అనే ఊళ్లో లెనర్డ్ డేవిస్ అనే బీమా ఏజెంటు ఈ మాట పట్టుకున్నారు. అప్పటికే ఆ రాష్ట్రంలో రిటైరైన ఉపాధ్యాయులకు ఆయన ఒక గ్రూప్ బీమా కుదిర్చారు. ఆండ్రస్ ఆయన్ను కలిశారు. ఇద్దరూ కలిసి కాంటినెంటల్ క్యాజువాల్టీ అనే కంపెనీని ఒప్పించారు. 1956 కల్లా ఎన్ఆర్‌టీఏ సభ్యులకు దేశవ్యాప్తంగా గ్రూప్ ఆరోగ్య బీమా అందుబాటులోకి వచ్చింది. వైద్య పరీక్షలు లేవు. వయసు ఎక్కువన్న అభ్యంతరం లేదు. నెలకు కొద్ది డాలర్లు. ప్రభుత్వపు మెడికేర్ పథకం రావడానికి అది దాదాపు పదేళ్ల ముందు.

బీమా సంగతి బయటికి పొక్కింది. ఉపాధ్యాయులు కానివాళ్ల నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. రిటైరైన నర్సులు, గుమాస్తాలు, రైల్వేవాళ్లు. మమ్మల్నీ చేర్చుకోండి అని. ఉపాధ్యాయుల సంఘంలో ఉపాధ్యాయులు కానివాళ్లను ఎలా చేర్చుకుంటారు? అందుకే 1958లో రెండో సంఘం పెట్టారు. అదే అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ రిటైర్డ్ పర్సన్స్. ఏఏఆర్‌పీ. అప్పట్లో 55 దాటినవాళ్లు చేరవచ్చు. చందా ఏడాదికి 2 డాలర్లు. అదే ఏడాది ‘మోడర్న్ మెచ్యూరిటీ’ అనే పత్రిక మొదలైంది. దానికి సంపాదకురాలు కూడా ఆండ్రసే. డెబ్బై నాలుగేళ్ల వయసులో ఆమె ఒక దేశవ్యాప్త సంఘాన్ని, దానికో పత్రికను ఒకేసారి భుజానికెత్తుకున్నారు. ఆ మాటకొస్తే, వయసు వచ్చిందని కుర్చీ ఖాళీ చేయాలన్న నియమం మీద ఆమెకు మొదటినుంచీ కోపమే.

బీమా తర్వాత మందులు. రిటైరైన మనిషి ఖర్చుల్లో మందులది పెద్ద వాటా. 1959లో టపా ద్వారా మందులు తక్కువ ధరకు పంపే ఏర్పాటు మొదలుపెట్టారు. చీటీ రాసి పంపితే మందు ఇంటికి వస్తుంది. మంచం దిగలేని మనిషికి, మందుల షాపు లేని పల్లెలో ఉండే మనిషికి ఇది ఎంత మేలో చెప్పనక్కర్లేదు. మందుల షాపుల వాళ్లకు మాత్రం అది రుచించలేదు.

1961లో అమెరికా అధ్యక్షుడి నివాసం తరఫున వృద్ధుల సమస్యల మీద తొలి జాతీయ సమావేశం జరిగింది. ఆ సందర్భంలో ఆండ్రస్ సంస్థలు వాషింగ్టన్‌లో ఒక నమూనా ఇల్లు కట్టి చూపించాయి. దాని పేరు హౌస్ ఆఫ్ ఫ్రీడం. స్వేచ్ఛా గృహం. అందులో పెద్ద యంత్రాలేమీ లేవు. జారని నేల. చక్రాల కుర్చీ పట్టే వెడల్పాటి తలుపులు. వంగనక్కర్లేకుండా ఎత్తుగా పెట్టిన కరెంటు ప్లగ్గులు. మెట్ల బదులు వాలు దారి. ఇంతే. ముసలితనంలో మనిషి పరాధీనుడయ్యేది ఒంట్లో బలం తగ్గినందుకే కాదు, ఇల్లు పడుచువాళ్ల కొలతలకు కట్టినందుకు కూడా. ఈ మాట ఉపన్యాసంగా చెబితే ఎవరికీ ఎక్కదు. ఇల్లు కట్టి లోపలికి రమ్మంటే నడిచి చూసినవాళ్లకు అర్థమవుతుంది. నలభై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషికి బోధనోపకరణం విలువ తెలియకుండా ఉంటుందా?

1963లో పెద్దవాళ్లకు మళ్లీ చదువు చెప్పే కేంద్రం పెట్టారు. సంస్థకు ఆమె ఇచ్చిన నినాదం కూడా ఆ ధోరణిదే. సేవ చేయించుకోవడానికి కాదు, సేవ చేయడానికి అని దాని భావం. రిటైరైన మనిషి చేయి చాచేవాడు కాదు, ఇంకా చేయగలిగినవాడు అన్నది ఆమె పట్టు. అందుకే ఆమె పింఛనును జాలితో కలిపి మాట్లాడలేదు.

ఆమె పనిలో విమర్శకు చోటు లేదని కాదు. వృద్ధులందరికీ ప్రభుత్వమే ఆరోగ్య బీమా ఇవ్వాలని అరవైల మొదట్లో పెద్ద ఉద్యమం నడిచింది. కార్మిక సంఘాల అండ ఉన్న వృద్ధుల సంఘాలు దాని ముందు వరసలో ఉన్నాయి. ఆండ్రస్ సంస్థలు ఆ వరసలో లేవు. స్వచ్ఛందంగా చేరే పద్ధతి వైపే ఆమె మొగ్గు. 1965లో అధ్యక్షుడు జాన్సన్ సంతకంతో మెడికేర్ చట్టమయ్యాక, వృద్ధులకు ఆసుపత్రి ఖర్చు నుంచి అసలు రక్షణ అక్కణ్ణుంచి వచ్చింది. ఈ విషయంలో ఆమె అంచనా కన్నా ఉద్యమకారుల అంచనాయే సరైనదని తర్వాతి చరిత్ర చూస్తే అనిపిస్తుంది. రెండోది బీమా వ్యాపారం. డేవిస్ తర్వాత సొంత బీమా కంపెనీ పెట్టుకున్నారు. సంఘం సభ్యులే దానికి పెద్ద గిరాకీ అయ్యారు. సంఘం సభ్యుల కోసం ఉందా, కంపెనీ కోసం ఉందా అని ఆండ్రస్ మరణం తర్వాత డెబ్బైలలో గట్టిగా అడిగారు. చివరికి ఆ కంపెనీతో బంధం తెగింది. ఈ రెండు మచ్చలూ చెప్పకుండా ఆమెను తలుచుకోవడం అరకొర అవుతుంది. అలాగని, నలభై కంపెనీలు కాదన్న చోట తలుపు తెరిపించిన సంగతి వాటివల్ల చిన్నదైపోదు.

1967 జూలై 13న ఆండ్రస్ గుండెపోటుతో కన్నుమూశారు. చివరిదాకా సంఘం అధ్యక్షురాలిగానే ఉన్నారు. అప్పటికి రెండు సంఘాల సభ్యులు కలిపి పది లక్షలు దాటారు. అదే ఏడాది డిసెంబరులో అమెరికా ప్రభుత్వం వయసు పేరుతో ఉద్యోగాల్లో వివక్ష చూపడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. ఆమె మరో అయిదు నెలలు ఉంటే చూసేవారు. ఆమె డాక్టరేట్ పొందిన దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వార్ధక్యం గురించి పరిశోధించే కేంద్రానికి ఆమె పేరు పెట్టారు. ఉపాధ్యాయుల సంఘం, ఏఏఆర్‌పీ 1982లో ఒకటైపోయాయి. ఇప్పుడు ఆ సంస్థ సభ్యులు మూడున్నర కోట్లకు పైనే.

1982 అనగానే భారతదేశంలో పింఛనుదార్లకు మరో సంగతి గుర్తుకు వస్తుంది. ఆ ఏడాది డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అన్నది ఆ తీర్పు సారం. అయిదుగురు న్యాయమూర్తుల ఆ ధర్మాసనంలో తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ఒకరు. డిసెంబరు 17ను పింఛనుదార్ల దినంగా ఈనాటికీ జరుపుకుంటారు. ఆండ్రస్‌కు ఈ కేసుతో ఏ సంబంధమూ లేదు. ఆమె కోర్టు మెట్లు ఎక్కలేదు. కానీ కోళ్ల గూటి ముందు నిలబడినప్పుడు ఆమెకు తోచింది, ఢిల్లీలో న్యాయమూర్తులు రాసింది ఒక్క మాటే. పింఛను దానం కాదు. పంతులు పనిచేసిన రోజుల్లో ఇవ్వకుండా ఆపి ఉంచిన జీతం అది.

అమెరికా ఉపాధ్యాయుల కథలో చివరి ఘట్టం మొన్నమొన్నటిది. ఆండ్రస్ తర్వాత, 1977లో ఒకటి, 1983లో ఒకటి, రెండు నిబంధనలు వచ్చాయి. వాటివల్ల నష్టపోయినవాళ్లలో బడి పంతుళ్లు ఎక్కువ. ఒక పంతులమ్మ వేసవి సెలవుల్లో దుకాణంలో పనిచేసి సోషల్ సెక్యూరిటీకి డబ్బు కట్టిందనుకోండి. బడి పింఛను ఉందన్న కారణంతో, దానికి బదులు ఆమెకు రావాల్సిన మొత్తంలో కోత పెట్టారు. ఆమె భర్త చనిపోయాడనుకోండి. భర్త తరఫున ఆమెకు రావాల్సిన మొత్తంలోంచి, ఆమె పింఛనులో మూడింట రెండు వంతులంత తీసేశారు. చాలామందికి మిగిలింది సున్నా. ఉపాధ్యాయులు, పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది దాదాపు నలభై ఏళ్లు దీని మీద పోరాడారు. ఈ రెండు నిబంధనల్ని రద్దుచేసే చట్టం మీద అధ్యక్షుడు బైడెన్ 2025 జనవరి 5న సంతకం పెట్టారు. ఆండ్రస్ పనిచేసిన కాలిఫోర్నియాలో మాత్రం బడి పంతుళ్ల ఉద్యోగానికి ఈనాటికీ సోషల్ సెక్యూరిటీ లేదు. అక్కడ రిటైరైన ఉపాధ్యాయుడికి ప్రధాన ఆధారం 1913లో పుట్టిన ఆ రాష్ట్ర పింఛను నిధే.